మాజీ సైనికులకు రెండు వైద్య పథకములు



మా అన్నయ్య 1971 యుద్ధములో మోకాలి క్రింద కాలు పోగొట్టుకొని వచ్చిన సిపాయి. పూనాలోని సైనిక కృత్రిమ అవయవ కేంద్రములో అమర్చిన కాలితో ఇన్నేండ్లుగా నడచుచున్నారు. ఇప్పుడు ఆయనకు 75 ఏండ్లు. వదినతో కలసి బరంపురములో మా యింటి ప్రక్కనే ఉంటున్నారు.

ఇటీవల ఒక కుర్రవాడు మా వీధికి వచ్చి, "తాతగారూ, 70 నిండినవారికి 5 లక్షల ఉచిత వైద్యం కార్డు వచ్చింది, వేలిముద్ర వేయండి" అన్నాడు. అన్నయ్య వేయబోయి, ఎందుకైనా మంచిదని నన్ను పిలిచినారు. నేను ముప్పది అయిదేండ్లు ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడను. ఆప్షను అన్న మాట వినబడితే చాలు, నిబంధనలన్నీ చదివిన గాని సంతకము చేయనీయను. నేను ఆరా తీయగా అసలు సంగతి బయటపడినది.

70 ఏండ్లు నిండిన వారందరికీ, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ పథకమును 2024 అక్టోబరులో వర్తింపజేసినారు. మా ఒడిశా 2025లో ఆ పథకములో చేరినది. ఇది మెచ్చుకొనదగిన పనియే. కాని ఇ.సి.హెచ్.ఎస్. అను మాజీ సైనికుల ఆరోగ్య పథకములో ఉన్నవారు ఆ రెండింటిలో ఏదో ఒకటి మాత్రమే ఎంచుకొనవలెను. ప్రైవేటు బీమా ఉన్నవారికి ఈ నిర్బంధము లేదు. ఈ ముక్క ఆ కుర్రవాడు చెప్పలేదు. బహుశః అతనికి కూడ ఎవరూ చెప్పియుండరు.

రెండింటికీ చాల తేడా కలదు. ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడు, సంవత్సరమునకు 5 లక్షల వరకు అక్కరకు వచ్చును. అన్నయ్య ప్రతిదినము వేసుకొను రక్తపోటు మాత్రలకు అది పనికిరాదు. 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైన ఇ.సి.హెచ్.ఎస్.లోనో, పాలీక్లినిక్ డాక్టరు చూచి మందులిచ్చును. అవసరమైనచో పెద్ద ఆసుపత్రికి వ్రాసి పంపును. ఖర్చుకు ఏటా ఇంత అను హద్దు లేదు. భార్యకు కూడ వర్తించును. యుద్ధములో వికలాంగులైనవారు చందా కట్టనక్కరలేదు. వదినకు ఇంకను 70 నిండలేదు. అన్నయ్య అటు పోయినచో ఆమె వైద్యము మాటేమిటని అడిగితిని. జవాబు చెప్పువారు లేకపోయిరి.

మిలిటరీ పథకములో లోపములు లేవని నేననను. పాలీక్లినిక్ దూరమైన పల్లెలవారు మందులకై బస్సెక్కి ఒక దినము పాడుచేసుకొనవలెను. బిల్లుల సొమ్ము ఆలస్యముగా వచ్చునని కొన్ని ఆసుపత్రులు ఆ కార్డు చూడగానే ముఖము చిట్లించుచున్నవి. అట్టివారిలో ఎవరైనను ఆలోచించి రెండవ పథకము కోరుకొన్నచో తప్పు పట్టనక్కరలేదు. తెలిసి కోరుకొనుట వేరు, తెలియక వేలిముద్ర వేయుట వేరు.

గంజాం జిల్లా 1936లో ఒరిస్సాలో చేరక పూర్వము నుండియు మేమిక్కడనే ఉన్నాము. మాలో ముసలివారు, ముఖ్యముగా సైనికుల వితంతువులు, చాలమంది తెలుగు తప్ప మరొక లిపి చదువలేరు. కనుక అధికారులకు నా మనవి ఇది. రెండు పథకముల తేడాను ఒకే కాగితముపై ఒడియాలోను, తెలుగులోను అచ్చువేసి పంచవలెను. ఆ కాగితము చదివి వినిపించిన పిమ్మటనే మాజీ సైనికుల వేలిముద్ర తీసుకొనవలెను. సైనిక సంక్షేమ శాఖవారు నెలకొక దినము సందేహములు తీర్చుటకు ఒక గుమాస్తానైనను కూర్చుండబెట్టవలెను. దీనికి పెద్ద ఖర్చు కాదు.

అన్నయ్య వేలిముద్ర వేయలేదు. ఇంటిలో ఆప్షను కాగితములెరిగిన తమ్ముడు లేని సిపాయిల సంగతి ఎవరు చూతురు?

భవదీయుడు,
ఒక రిటైర్డు గుమాస్తా,
బరంపురం, ఒడిశా.