అలకన్న ముందు లెక్క

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పుట్టిన సునామీ మన కోస్తాకు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అయినా హెచ్చరించే ఏర్పాటు లేదు. 2007 నుండి హైదరాబాదులో ఒక హెచ్చరిక కేంద్రం పని చేస్తున్నది. సముద్రం లేని ఊరే, అయితేనేం!

సునామీ లెక్క ఎటువంటిదో చూడండి. సముద్రాన్ని గళ్ళుగా విభజిస్తారు. ప్రతి గడిలోను నీటిమట్టం ఒక అంకె. పొరుగు గడిలో మట్టం ఎక్కువైతే నీటిని ఇటు నెడుతుంది గదా! ఆ తేడాలను బట్టి, కొన్ని సెకండ్ల తరువాత ఏ గడిలో మట్టమెంతో కడతారు. ఆ కొత్త అంకెలతో మళ్ళీ మరొక అంగ ముందుకు. అంతా కూడికలు, తీసివేతలు, గుణకారాలే.

అంగ ఎంత ఉండాలి? చిక్కంతా ఇక్కడే. 4,000 మీటర్ల లోతున సునామీ సెకండుకు సుమారు 200 మీటర్లు పరుగెత్తుతుంది. 2 కిలోమీటర్ల గడిని 10 సెకండ్లలో దాటుతుంది. అంగ అంతకు మించితే అల గడి దాటిపోయినా లెక్కకు తెలియదు; అంకెలు పిచ్చిగా పెరిగి, లేని కొండలను చూపుతాయి. 1928లోనే కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు ఈ సంగతి తేల్చారు.

సరే, గడిని సగానికి తగ్గిస్తే? గళ్ళు నాలుగింతలు, అంగలు రెండింతలు. పని 8 రెట్లు! అల అందాకా ఆగదు. అందుకని ఆ కేంద్రం వారు భూకంపం రాగల చోట్లన్నిటా వచ్చినట్లే ఊహించి, లెక్కలు ముందుగానే కట్టి దాచి ఉంచారు. భూమి కంపించగానే, దానికి దగ్గరి లెక్కను బయటికి తీస్తారు.