ఇన్వర్టర్ పెద్దదైనంత మాత్రాన కరెంటు పెరగదు

సూరత్‌లోని కతర్‌గామ్ వజ్రాల సానపట్టే పనికి పేరున్న ప్రాంతం. ఎండకు కొదవలేని ఇలాంటి చోట డాబాపై సౌర ఫలకాలు పెట్టించుకోవాలనుకోవడం సహజం. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, ఆపై సామర్థ్యానికి కేంద్రం రూ.78,000 రాయితీ ఇస్తోంది. అయితే ఫలకాల ఎంపికలో చూపే శ్రద్ధ ఇన్వర్టర్ దగ్గర చూపం. ‘ఎందుకైనా మంచిది, పెద్దదే తీసుకుందాం’ అనుకుంటాం. ఇది సరైన ఆలోచన కాదని నా అభిప్రాయం.

ఫలకంపై ముద్రించిన వాట్లు ప్రయోగశాల లెక్క. చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు వచ్చే విలువ అది. మండుటెండలో డాబాపై సెల్ 60 డిగ్రీలకు చేరడం మామూలే. ప్రతి అదనపు డిగ్రీకి సిలికాన్ సెల్ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. అంటే 35 డిగ్రీల తేడాకు 10 శాతానికి పైగా నష్టం. దుమ్ము, తీగల్లో నష్టాలు దీనికి అదనం. కాబట్టి 3.5 కిలోవాట్ల ఫలకాలకు 3 కిలోవాట్ల ఇన్వర్టర్ చాలావరకు సరిపోతుంది. ఆకాశం తేటగా ఉన్న చల్లని రోజుల్లో మధ్యాహ్నం కొద్దిపాటి విద్యుత్తు వృథా కావచ్చు. ఏడాది మొత్తంలో అది స్వల్పమే.

ఇంట్లోని ఏసీ, గ్రైండర్, మోటారు వాట్లన్నీ కూడి ఇన్వర్టర్ కొనడం మరో పొరపాటు. గ్రిడ్‌కు అనుసంధానించిన వ్యవస్థలో లోటును గ్రిడ్డే పూడుస్తుంది. ఆ కూడిక బ్యాటరీపై నడిచే ఇళ్లకు అవసరం. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే అధిక విద్యుత్తును కూడా అక్కడ లెక్కలోకి తీసుకోవాలి.

అలాగని మరీ చిన్నదీ పనికిరాదు. ఫలకాలు, ఇన్వర్టర్ సామర్థ్యాల్లో ఏది తక్కువైతే దానిపైనే రాయితీ లెక్కిస్తారు. 3 కిలోవాట్ల ఫలకాలకు 2.5 కిలోవాట్ల ఇన్వర్టర్ పెడితే రాయితీ రూ.69,000కు తగ్గుతుంది. మిగిల్చామనుకున్నది అక్కడే పోతుంది.

అందుకే కొనేముందు అమ్మకందారు నుంచి మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఫలకాల మొత్తం సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం, శీతాకాలపు ఉదయం ఫలకాల వరుసలో వచ్చే గరిష్ఠ వోల్టేజి. చలిలో వోల్టేజి పెరుగుతుంది. అది ఇన్వర్టర్ పరిమితిని దాటితే పరికరం పాడయ్యే ప్రమాదం ఉంది. ఈ మూడూ చెప్పలేని వారికి డాబా అప్పగించకపోవడమే మేలు.