సున్నా చూపితే శుభ్రమని కాదు

రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్... పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బొగ్గుబాయి ఇళ్లల్లో పిల్లలక్కూడా ఓపెన్‌కాస్ట్ యంత్రాలు కొత్త కాదు. హైడ్రాలిక్ షావెల్ అంత బరువును అవలీలగా ఎత్తుతుందే, ఆ బలమంతా పీడనంతో తోసుకొచ్చే నూనెది. (2014లో మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పును మోసేవీ హైడ్రాలిక్ స్తంభాలే. కాకపోతే వాటిలో పోసేది చాలావరకు నీళ్లే!)

ఆ నూనెలో దుమ్ము చేరితే పంపులు, వాల్వులు అరిగిపోతాయి. చిక్కేమిటంటే అది కంటికి ఆనదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇక్కడ లెక్కపెట్టేది 4, 6, 14 మైక్రాన్లు దాటిన రేణువుల్ని. సీసాలో పోసి చూస్తే నూనె తేనెలా మెరుస్తూనే ఉంటుంది. అందుకే గొట్టానికి సెన్సరు బిగిస్తారు. అది నూనెలోంచి కాంతిని పంపి, రేణువుల నీడల్ని లెక్కించి, ఫలితాన్ని 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపిస్తుంది.

సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదంటారా? సెన్సరు బాగుంటే ఎప్పుడూ ఎంతో కొంత కరెంటు రావాలి. మీటరు సున్నా చూపిందంటే నూనె శుభ్రమని కాదు, తీగ తెగిందనో సెన్సరుకు కరెంటు అందలేదనో అర్థం.

అసలు మెలిక ఇంకోటుంది. నూనె మురికిని ఐఎస్‌ఓ 4406 కోడ్‌తో చెబుతారు. మొదటి అంకె 18 అయితే, ఒక మిల్లీలీటరు నూనెలో 4 మైక్రాన్లు దాటిన రేణువులు 1,300 నుంచి 2,500 దాకా ఉన్నట్టు. 19 అయితే 2,500 నుంచి 5,000. ఒక్క మెట్టెక్కితే మురికి రెట్టింపు! ఏ కరెంటుకు ఏ కోడో కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి. అర మిల్లీ ఆంపియర్‌కు ఒక మెట్టు అనుకుందాం. మీటరు 14 నుంచి 15కు జరిగితే ‘ఒక్కటేగా’ అనిపిస్తుంది. కానీ మురికి నాలుగింతలైంది.

అలాగని అంకె ఎగిరిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. నూనె మార్చిన కొత్తలో గాలి బుడగలుంటాయి. నీటి బొట్లూ ఉండొచ్చు. వాటికీ నీడ పడుతుంది, సెన్సరుకు తేడా తెలీదు. కాసేపు యంత్రం నడిపి మళ్లీ చూడాలి. అంకె దిగకపోతే నమూనా తీసి ల్యాబుకు పంపాలి.

రిజిస్టరులో వట్టి ‘15’ అని రాసి వదిలేయకుండా పక్కన కోడ్, నూనె మార్చిన తేదీ కూడా రాస్తే మంచిది. తెల్లారి మొదటి షిఫ్టుకు వచ్చినాయన సంగతి ఇట్టే పట్టేస్తాడు.