బిల్లు సున్నా అయినా బొగ్గు కాలుతూనే ఉంది

ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకున్న ఇంట్లో వెలిగే దీపానికి కూడా ఎక్కడో బొగ్గు కాలాల్సిందే. ఆ ఎక్కడో అనేది మనకు దూరమేమీ కాదు. చర్లకు గోదావరి ఆవలి ఒడ్డున మణుగూరు గనులున్నాయి. వాటి పక్కనే 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం, ఇంకొంత దూరాన పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రం (కేటీపీఎస్) ఉన్నాయి. రాష్ట్రమంతటికీ వెలుగు పంచి, ఓపెన్‌కాస్టు గోతులను, బూడిదను, పొగను, పోయిన పొలాలను తన దగ్గరే ఉంచుకున్న జిల్లా మనది. అందుకే ఇళ్లలో దీపాల కరెంటు ఆదా గురించి హైదరాబాదు కంటే ముందు మాట్లాడవలసింది భద్రాచలం ఏజెన్సీయే. బిల్లు లేదు కదా అని ఇంట్లోనూ వాకిట్లోనూ తెల్లవార్లూ లైట్లు వదిలేయడం తప్పు. అయితే ఆ దుబారాకు మొదటి బాధ్యత చర్ల గూడేల్లోని పేద ఇంటిది కాదు. సున్నా బిల్లు ఇచ్చి, దాంతోపాటు మంచి బల్బు ఇవ్వని ప్రభుత్వానిది.

గృహజ్యోతిని మేం సమర్థిస్తున్నాం. 2024 ఫిబ్రవరి 27న మొదలైన ఈ పథకం నెలకు 200 యూనిట్ల దాకా వాడుకునే తెల్లకార్డు ఇంటిని బిల్లు భయం నుంచి తప్పించింది. తునికాకు సీజన్ మీద, ఇప్పపువ్వు మీద, మిరప కోతల కూలి మీద బతికే ఇంటికి నెలనెలా ఆ డబ్బు మిగలడం చిన్న మేలు కాదు. దాన్ని ఎవరు తీసేయాలని చూసినా అడ్డుకోవాల్సిందే. కానీ ఆ పథకం ఇంట్లో ఏ బల్బు వెలుగుతోందని అడగదు. వంద వాట్ల గుండు బల్బు వెలిగించినా, తొమ్మిది వాట్ల ఎల్ఈడీ వెలిగించినా కాగితం మీద సున్నాయే. బిల్లు కట్టినంత కాలం ఆదా చేసే అవసరం ఇంటి యజమానికి ఉండేది. ఇప్పుడు ఆ ఇల్లు వాడే ప్రతి యూనిట్‌కూ విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కంకు డబ్బు చెల్లించేది సర్కారు. అంటే ఆదా అయ్యే ప్రతి రూపాయీ సర్కారు ఖజానాకే మిగులుతుంది. మిగులు ఎవరిదో బల్బు ఖర్చు కూడా వాళ్లదే కావాలి. ఇందులో దానధర్మాల ప్రసక్తి లేదు, ఇది ఉత్త లెక్క.

ఆ లెక్కే చూద్దాం. అరవై వాట్ల గుండు బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు తొమ్మిది యూనిట్లవుతుంది. దాదాపు అంతే వెలుగిచ్చే తొమ్మిది వాట్ల ఎల్ఈడీకి అయ్యేది యూనిట్టున్నర కూడా ఉండదు. గుండు బల్బు తాగిన కరెంటులో నూటికి తొంభై అయిదు పాళ్లు వేడిగానే పోతుంది. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలు ఎలా ఉడికిపోతాయో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ ఎండల్లో రేకుల ఇంట్లో గుండు బల్బు వేసుకుంటే, కరెంటు పెట్టి వేడిని కొనుక్కుని, దాన్ని తరిమేందుకు మళ్లీ కరెంటుతో ఫ్యాను తిప్పుకున్నట్టే. పాత నలభై వాట్ల ట్యూబులైటుకు ఇనుప చోక్ తినేది మరో పది పదిహేను వాట్లు ఉంటుంది. దాని స్థానంలో ఇరవై వాట్ల ఎల్ఈడీ పట్టీ సరిపోతుంది.

ఇక జీరో బల్బు. పిల్లలు భయపడతారని, రాత్రి లేస్తే దారి కనబడాలని తెలుగిళ్లలో తెల్లవార్లూ వెలిగే ఆ చిన్న బల్బును లెక్కలో వేసేవాళ్లే లేరు. పాత రకం జీరో బల్బు పన్నెండు నుంచి పదిహేను వాట్లు తీసుకుంటుంది. రాత్రికి పది గంటల చొప్పున పదిహేను వాట్ల బల్బు నెలకు నాలుగున్నర యూనిట్లు కాలుస్తుంది. అంటే మూడు ఎల్ఈడీ బల్బులు సాయంత్రం పూట చేసే పనికి పట్టే కరెంటును, ఎవరూ చూడని వేళలో ఇదొక్కటే తినేస్తోంది. అర వాటు ఎల్ఈడీ బెడ్‌లైటు అదే పని చేస్తుంది. దానికి నెలంతా కలిపినా యూనిట్‌లో ఆరో వంతు కూడా కాదు.

రెండు గుండు బల్బులు, ఒక జీరో బల్బు మార్చిన ఇంట్లో నెలకు దాదాపు ఇరవై యూనిట్లు మిగులుతాయి. ఒక యూనిట్ థర్మల్ కరెంటుకు సుమారు ఏడు వందల గ్రాముల బొగ్గు కావాలి. అంటే ఒక్క ఇంటి పేరున నెలకు పద్నాలుగు కిలోలు. అలాంటి వెయ్యి ఇళ్లకు పద్నాలుగు టన్నులు. యూనిట్‌కు నాలుగు రూపాయలే వేసుకున్నా సర్కారుకు ఇంటికి నెలకు ఎనభై రూపాయల సబ్సిడీ తగ్గుతుంది. ఒక ఇంటికి సరిపడా బల్బుల ఖర్చు నాలుగైదు నెలల్లో తిరిగొచ్చేస్తుంది. ఇంత తేలిగ్గా పెట్టుబడి వెనక్కి వచ్చే పని ప్రభుత్వ శాఖల్లో ఇంకొకటి చూపించగలరా?

ఇది ఎవరూ చేయని పని కూడా కాదు. 2014 హుద్‌హుద్ తుపానుకు విశాఖపట్నం వీధి దీపాలు కూలిపోతే, కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ ఆ నగరమంతటా దాదాపు తొంభై వేల ఎల్ఈడీలు అమర్చింది. ఆ రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో పాత బల్బు తెచ్చిచ్చిన ఇంటికి పది రూపాయలకే ఎల్ఈడీ ఇచ్చారు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం దేశమంతటా 36 కోట్లకు పైగా బల్బులు పంచింది. ఒకేసారి కోట్ల కొద్దీ కొనడంతో, 2014లో మూడు వందల రూపాయలు దాటిన బల్బు కొనుగోలు ధర రెండేళ్లలో నలభై లోపుకు దిగింది. సర్కారు గట్టిగా పూనుకుంటే ధర ఎలా దిగి వస్తుందో చూపించిన పథకమది. పట్టణాల్లో ఆ పని చాలావరకు పూర్తయింది. మిగిలింది రోడ్డు చివరి ఊళ్లు, వాగు దాటాల్సిన గూడేలే. భద్రాచలం నుంచి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దున ఉన్న మన చర్ల మండలానికి ఏ పథకమైనా ఆఖరున చేరడం అలవాటైపోయింది. ఆ అలవాటును ఇక్కడైనా మానుకోవాలి.

బజారులో దొరకడం లేదా అంటారు. దొరుకుతున్నాయి. సంతలో ఇరవై ముప్పై రూపాయలకు అమ్మే పేరూ ఊరూ లేని ఎల్ఈడీలు మన లైన్ల ఓల్టేజీ ఎగుడుదిగుళ్లకు నెలల్లోనే మిణుకుమిణుకుమని మాడిపోతాయి. రెండుసార్లు మోసపోయిన మనిషి మూడోసారి గుండు బల్బే కొంటాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, బీఈఈ నక్షత్రాలు, వాట్లతోపాటు వెలుగును కొలిచే ల్యూమెన్ల లెక్క ఉందో లేదో చూసి కొనండి. ప్రభుత్వం ఇచ్చేదైతే ఉజాలాలో లాగా మూడేళ్ల గ్యారంటీతో ఇవ్వాలి, మాడిన బల్బును సబ్‌స్టేషన్‌లోనే మార్చుకునే ఏర్పాటు ఉండాలి.

ఇంటి లోపల బల్బు మారిస్తే సగం పని అయినట్టే. చూరు కిందికి దిగిన ఇళ్లలో, కిటికీ లేని వంటగదిలో పట్టపగలే లైటు వేయాల్సి వస్తోంది. కప్పులో ఒక్క ఫైబర్ రేకు వేసి, లోపలి గోడకు సున్నం కొడితే పొద్దుగూకే దాకా ఆ లైటు అవసరం ఉండదు. ఇందిరమ్మ ఇళ్లు కట్టే చోట ఈ మాట ఇంజినీర్లే చెప్పాలి.

ఇంటి బయట దీపం విషయం ఇంత తేలిక కాదు, దీని గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. అడవి అంచున బతికేవాళ్లు వాకిట్లో లైటు ఊరికే వేసుకోరు. పురుగూ పుట్రా భయం, అడవి పంది భయం, ఎలుగు భయం. ఈ భయాలు నిజమైనవి. కట్లపాము రాత్రి పూటే తిరుగుతుందని, కాటు పడ్డ మనిషిని ఆసుపత్రికి చేర్చేందుకు ఇక్కడ ఎంత సేపు పడుతుందో తెలిసిన వాళ్లను లైటు ఆర్పేయమని ఏసీ గదిలో కూర్చుని ఉపదేశించడం అన్యాయం. కాకపోతే ఒక్క విషయం ఆలోచించాలి. తెల్లవార్లూ వెలిగే దీపం పురుగుల్ని పిలుస్తుంది. పురుగుల కోసం కప్పలు, బల్లులు గడప దాకా వస్తాయి. కప్పల వెనకే పాము వస్తుంది. పామును దూరంగా ఉంచుతుందనుకున్న లైటే దానికి మేత సిద్ధం చేస్తోంది. రాత్రి బయటికి వెళ్లే మనిషిని కాపాడేది చేతిలోని టార్చి, కాళ్లకు చెప్పులు, అడుగు వేసే చోట పడే వెలుగు. మనిషి కదలగానే వెలిగి, కాసేపటికి తనంతట తానే ఆరిపోయే సెన్సార్ లైటు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. చీకట్లో ఎవరు వచ్చినా, ఏది వచ్చినా ఉలిక్కిపడి చూసేలా చేసేది అదే. ఎప్పుడూ వెలిగే దీపాన్ని మనిషీ పట్టించుకోడు, పందీ పట్టించుకోదు.

ఈ మధ్య కొత్త ఇళ్ల ముందు, కొట్ల మీద తెల్లటి ఫోకస్ లైట్లు పెరిగాయి. యాభై వాట్లది పన్నెండు గంటలు వెలిగితే నెలకు పద్దెనిమిది యూనిట్లు. దాని వెలుగులో సగం ఎదురింటి కిటికీలోకి, మిగతాది ఆకాశంలోకి పోతుంది. తాలిపేరు ఆయకట్టు కింద వరి వేసే రైతులకు దీపపు ఎర సంగతి తెలుసు. సుడిదోమనూ, కాండం తొలిచే పురుగు రెక్కల పురుగులనూ పట్టుకునేందుకు పొలంలో పెట్టేది దీపమే. పొలం పక్కనున్న ఇంటి మీద రాత్రంతా తెల్లటి లైటు వెలిగించడం ఆ పురుగుల్ని ఊరి చుట్టుపక్కల నుంచి పిలుచుకోవడమే. వానాకాలం మొదట్లో చెట్ల నిండా మెరిసే మిణుగురులు ఒకదాన్నొకటి వెతుక్కునేది తమ వెలుగుతోనే. మన లైట్ల వెలుగు పడ్డ చోట వాటి జత కట్టడం దెబ్బతింటుంది. ఇంత అడవి పక్కన ఉండి మన పిల్లలు మిణుగురులను ఫోనులో చూడాల్సిన గతి పట్టకూడదు. బయటి లైటుకు పైన టోపీ ఉండి వెలుగు నేల మీదికే పడాలి. తెల్లటి రంగు కంటే పసుపు రంగు మేలు, పురుగులు దానికి తక్కువగా వస్తాయి. పడుకునేటప్పుడు దాన్ని ఆర్పేయాలి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంటి ముందున్న వీధి దీపం పంచాయతీది. 2019 పల్లె ప్రగతిలో పవర్ వీక్ పేరుతో వీధి లైట్లను విడిగా ఆర్పేందుకు మూడో తీగ లాగి, మీటర్లు, స్విచ్చులు పెట్టమన్నారు. ఎక్కడైనా పగలు వీధి లైటు వెలుగుతోందంటే మూడో తీగ రాలేదని గానీ, స్విచ్చు వేసి ఆర్పే మనిషి లేడని గానీ అర్థం. పంచాయతీ కట్టే ఆ బిల్లు ఊరి డబ్బే. కార్యదర్శిని అడగండి.

ఇళ్లలో లైట్లు ఎంత తింటాయి, అసలు తినేవి నగరాల్లో ఏసీలు కావా అని కొందరు వాదిస్తారు. నగరాల మాట నిజమే. అక్కడి హోర్డింగులను, ఫంక్షన్ హాళ్ల సీరియల్ సెట్లను అర్ధరాత్రి తర్వాత ఆర్పించాలని మేమూ కోరుతున్నాం. కానీ ఏసీ లేని ఇంట్లో దీపాలదీ ఫ్యాన్లదే పెద్ద వాటా. పైగా దీపాలన్నీ ఒకేసారి వెలిగేది సాయంత్రం ఆరు నుంచి పది మధ్య. సోలార్ కరెంటు అప్పటికే ఆగిపోయి ఉంటుంది. ఆ నాలుగు గంటల భారమంతా ఎక్కువగా బొగ్గు మీదే పడుతుంది.

ఆదా అనేది తీగ ఉన్న ఇళ్లకే సంబంధించిందని కూడా అనుకోవద్దు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరి, దుమ్ముగూడెం, చర్ల దారులు మునిగి, కరెంటు పోయి ఊళ్లకు ఊళ్లు చీకట్లో గడిపాయి. అలాంటి రోజుల్లో చార్జింగ్ ఎల్ఈడీ లైటు ఉన్న ఇంట్లో వెలుగు ఉంటుంది. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు రావడం వల్లే చిన్న బ్యాటరీ రాత్రంతా నిలబడుతోంది. గుండు బల్బు అయితే అదే బ్యాటరీ కాసేపటికే చేతులెత్తేస్తుంది. రిజర్వు అడవి లోపల లైన్ చేరని గుత్తికోయ గూడేలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఒక చిన్న సోలార్ పలకతో మూడు ఎల్ఈడీలు, ఒక ఫోను చార్జింగ్ సాధ్యమే. లైన్ వేయడానికి అటవీ అనుమతులు అడ్డొస్తున్నాయన్న కారణం సోలార్ పలకకు వర్తించదు. ఇన్నేళ్లూ ఆ ఇళ్లను చీకట్లో ఉంచడాన్ని ఏ శాఖా సమర్థించుకోలేదు.

వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర డిస్కం, గిరిజనాభివృద్ధి సంస్థ భద్రాచలం ఐటీడీఏ కలిసి వచ్చే వర్షాకాలం లోపు ఈ పని ముగించాలని మేం కోరుతున్నాం. గృహజ్యోతి అందుకునే ప్రతి ఏజెన్సీ ఇంటి నుంచి గుండు బల్బులు, జీరో బల్బు వెనక్కి తీసుకుని, నాణ్యమైన ఎల్ఈడీలు, ఒక బెడ్‌లైటు, ఒక చార్జింగ్ లైటు ఉచితంగా ఇవ్వాలి. మీటరు రీడింగుకు నెలనెలా గడప దాకా వచ్చే మనిషి ఎలాగూ ఉన్నాడు, ఆ చేతుల మీదుగానే పంచవచ్చు. అలా తగ్గిన సబ్సిడీ డబ్బును లైన్ లేని గూడేల సోలార్ దీపాలకు కేటాయించి, ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపించాలి. చర్ల ప్రజలు తమ గ్రామసభలో ఈ తీర్మానం పెట్టించాలి.