గాడిలో మేకు

పారవేసిన వస్తువుకు పునర్జన్మ నివ్వడంలో రైల్వే పట్టణాల వారిది అందెవేసిన చేయి. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి బాల్యంలోనే అనుభవానికి వచ్చింది. బెంగాల్ - నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వర్క్‌షాపు పనులకు తరలి వచ్చిన తెలుగు కుటుంబాలు తమ భాషనూ పండుగలనే గాక, పాడి మీది మమకారాన్ని కూడా మూట గట్టుకొని వచ్చాయి. వంగదేశంలోనూ వారికి గేదె గేదెయే. దాని ముందుండే మేత తొట్టి గాడియే.

మా నాన్నగారు ఫిట్టరు. 1990 ప్రాంతంలో మేము ఊరి చివర అద్దె ఇంట ఉండగా ఒక గేదెను కొన్నారు. సామాను పెట్టెల చెక్కలు సంతలో చవకగా తెచ్చి, ఒక ఆదివారం కూర్చుని గాడి తయారుచేశారు. ఇరుగుపొరుగు వచ్చి చూచి మెచ్చుకున్నారు. మేకులు కూడా పాతవే, సాగగొట్టి వాడారు. ఏడాది తిరగకుండానే ఆ మేకులు మా కొంప ముంచాయి.

చూలుతో ఉన్న గేదె ఒకనాడు తౌడు ముట్టలేదు. వెన్ను విల్లులా వంచి నిలబడేది. పల్లంలోకి దిగడానికి భయపడేది. కొన్ని దినాలకు మెడ క్రింద గంగడోలు వాచింది. పశువైద్యుడు వచ్చేసరికి కాలం మించిపోయింది. చనిపోయిన తరువాత కోసి చూస్తే, గుండెలో దిగబడిన మేకు ఒకటి బయటపడింది.

వైద్యుడు బెంగాలీలో చెప్పినది నాన్నగారు అమ్మకు తెలుగులో చెప్పారు. “గేదె నమిలి మింగదట, మింగి, తరువాత తీరికగా నెమరు వేస్తుందట. గడ్డిలో మేకు ఉన్నదీ లేనిదీ దానికి తెలియదట.” క్షణం ఆగి, “తెలియవలసినది నాకు,” అన్నారు. అనువాదమే వృత్తిగా బ్రతుకుతున్న నేను విన్న మొదటి అనువాదం అది. చివరి మాట మాత్రం మూలంలో లేదు.

పశువు మింగిన ఇనుము బరువు వలన రెండవ పొట్టలో నిలిచిపోతుంది. ఆ పొట్టకూ గుండెకూ నడుమ ఉన్నది పలుచని పొర మాత్రమే. చూలు పెరిగి పొట్టను నొక్కినప్పుడు మేకు ముందుకు గుచ్చుకుంటుంది. అందుకే కొన్ని దేశాలలో ఆవుల చేత ముందుగానే చిన్న అయస్కాంతాన్ని మింగిస్తారు. అది జీవితాంతం ఆ పొట్టలోనే ఉండి ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుంది.

మరుసటి గాడిని నాన్నగారు రెండు వందల లీటర్ల ఇనుప పీపాతో చేశారు. నిలువునా రెండుగా కోస్తే రెండు తొట్లు వస్తాయి. ఒక మేకు పని లేదు. కోసిన అంచును సుత్తితో లోపలికి మడిచి, దానిపై చీల్చిన రబ్బరు గొట్టం తొడిగారు. నీరు నిలువకుండా ఒక మూల బెజ్జం పెట్టారు. పీపాను ఎన్నుకోవడంలోనే ఆయన ఎక్కువ కాలం గడిపారు. పురుగుమందు ఉన్న పీపా ఎంత కడిగినా పనికిరాదు. నూనె, పెట్రోలు ఉన్నదానిని గ్యాసు మంటతో కోస్తే లోపలి ఆవిరి అంటుకొని పేలుతుంది. పాత రంగులలో సీసం ఉంటుంది. పశువులు నాకితే విషం. రైలు పట్టాల క్రింది పాత కొయ్య దిమ్మెలు ఎంత గట్టివైనా, వాటికి పట్టించిన క్రియోసోటు తారు మేతకు తగదు.

మేకల తీరు వేరు. కాలితో త్రొక్కిన మేతను అవి ముట్టవు. కనుక తొట్టిని ఎత్తున అమర్చి, తల మాత్రమే దూరేటట్లు ముందు కమ్మీలు కట్టాలి. కోళ్ళకు పాత డబ్బా చాలు. తొట్టి అంచు కోడి వీపు ఎత్తున ఉండి, మూడవ వంతు మాత్రమే నింపితే గింజ నేలపాలు కాదు.

ఇంకొక మాట. రైల్వే ఇనుము దారిలో పడి ఉన్నా అది దిక్కులేని సొత్తు కాదు. 1966 నాటి చట్టం ప్రకారం దానిని అక్రమంగా ఉంచుకుంటే ఐదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. నాన్నగారు తమ పీపాను పాత ఇనుప కొట్టులో కొని, రసీదును చాలాకాలం దాచుకున్నారు.

తెలుగులో గాడి అంటే పశువుల తొట్టి. బండి చక్రం నడిచే జాడ కూడా. గాడి తప్పడమంటే ఏమిటో రైల్వే వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పాత వస్తువును వాడుకోవడం పొదుపే. కాని అది లోగడ ఏమి మోసినదో, దానిలో ఏమి మిగిలి ఉన్నదో చూడకుండా వాడితే, మిగిల్చిన రూపాయి వెల మరొక ప్రాణి చెల్లిస్తుంది. ఆ రెండవ గాడి నేటికీ మా పెరటిలో ఉన్నది. పొరుగింటి మేకలకు మేత వేసే ముందు, ఎనభై ఏళ్ళు దాటిన నాన్నగారు దాని అడుగంతా ఒకసారి చేతితో తడిమి చూస్తారు.