చెయ్యికి తెలిసిన డ్యాష్‌బోర్డు

ఆళ్లగడ్డలో మా మామ ఇంట్లో పోయిన నెల పెద్ద పంచాయితీ. ఆస్తుల గొడవ కాదు. మామకున్న పాత అంబాసిడర్ డ్యాష్‌బోర్డు కోసి, పది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ బిగించాలని మా బావ పట్టు. కోస్తే ఇంట్లో అడుగు పెట్టొద్దని మామ. కార్ల గురించి రాస్తానని నన్ను పెద్దమనిషిని చేశారు.

ఆ బండి 1980ల నాటిది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి యాత్రికుల్ని తిప్పీ తిప్పీ మామ దాంతోనే ఇల్లు కట్టాడు. ఇప్పుడు రిటైరై షెడ్డులో ఉంటోంది. పండక్కో పెళ్లికో బయటికొస్తుంది. "తీర్పు తర్వాత చెబుతా, ముందు ఒక రౌండ్ వేద్దాం పదండి" అన్నా. సాయంత్రం అహోబిలం బయల్దేరాం.

లోపల కూర్చుంటే మొదట తెలిసేది ఖాళీ. ముందు సీటు అటు చివర నుంచి ఇటు చివరకు ఒకటే, సోఫాలాగా. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో ఏ అడ్డూ లేదు. ముగ్గురం హాయిగా కూర్చున్నాం. డ్యాష్‌బోర్డు మీద నరసింహస్వామి ఫొటో, ఎండిన పూలు, ఒక చిన్న ఫ్యాను. మీటర్లలో ముల్లులు. కింద వరసగా నాబ్‌లు. ఒకటి లాగేది, ఒకటి తిప్పేది, ఒకటి పైకీ కిందికీ అనేది. ఏ రెండూ చేతికి ఒకలా తగలవు.

దిగువ అహోబిలం దాటి ఎగువకు ఎక్కుతుండగా వాన పట్టుకుంది. అక్కడ సుమారు 8 కిలోమీటర్లు అడవి దారి. మలుపులు, చీకటి. మామ చూపు రోడ్డు మీదే ఉంది. చెయ్యి మాత్రం తన దారిన పోయి వైపర్ వేసింది, లైట్లు వేసింది, తలుపు అద్దం పక్కనుండే చిన్న మూడు మూలల అద్దాన్ని కాస్త తిప్పి గాలి రానిచ్చింది. ముందు అద్దం మసకబారితే తుడవడానికి గుడ్డ ఎక్కడుందో కూడా ఆ చేతికి తెలుసు. "యాడుందో సూసుకోవాలంటే ఇంక బండేం నడుపుతాం రా?" అన్నాడు.

బావ ఏమీ అనలేదు. కారణం నాకు తెలుసు. పోయిన వానాకాలం ఇదే దారిలో, తన కొత్త కారులో, అద్దం మీద ఆవిరి పట్టింది. దాన్ని పోగొట్టే బటన్ స్క్రీన్‌లో రెండో పేజీలో ఉంది. వెతికి నొక్కి తలెత్తేసరికి చక్రం రోడ్డు దిగింది. పక్కన కాలువ లేదు కాబట్టి సరిపోయింది.

ఇది మామకూ బావకూ మధ్య గొడవ మాత్రమే కాదు. 2022లో స్వీడన్‌కి చెందిన వి బిలాగరే అనే కార్ల పత్రిక ఒక పరీక్ష పెట్టింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతూ ఏసీ, రేడియో మార్చడంలాంటి నాలుగు మామూలు పనులు చెయ్యాలి. 2005 నాటి వోల్వో వీ70లో, బటన్లతో, 10 సెకన్లలో అయిపోయాయి. ఆలోపు కారు వెళ్లిన దూరం 306 మీటర్లు. అన్నిటికంటే వెనకబడిన కొత్త కారులో దాదాపు 45 సెకన్లు పట్టింది. అంటే 1,372 మీటర్లు. మనసు సగం స్క్రీన్ మీద పెట్టి కిలోమీటరుకు పైగా ప్రయాణం!

యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి రూలు మార్చింది. ఇండికేటర్, వైపర్, హారన్‌లాంటి వాటికి చేతికి తగిలే స్విచ్‌లు లేకపోతే పూర్తి మార్కులు రావు. ఫోక్స్‌వాగన్ కూడా ముఖ్యమైన బటన్లను మళ్లీ తెస్తామని 2025లో చెప్పింది. మామ ఎప్పుడో చెప్పిన మాటకు ప్రపంచం ఇప్పుడు తలూపుతోంది.

అలాగని పాతదంతా బంగారం అనను. మామ కారులో ఎయిర్‌బ్యాగ్ లేదు. ఏదైనా గుద్దితే ఆ అందమైన డ్యాష్‌బోర్డే తలకి తగిలేది. ముందు సీట్లో ముగ్గురం హాయిగా కూర్చున్నామంటే, మూడో మనిషికి బెల్టు లేదని కూడా అర్థం. ఆ రోజుల్లో నాబ్‌లు పెట్టింది కూడా మన మీద ప్రేమతో కాదు, అప్పటికి వేరే దారి లేక. 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ 2014లో ఆగిపోయింది. ఆగడానికి కారణాలు చాలానే ఉన్నాయి.

కానీ ఒక్క విషయంలో అది మనకన్నా తెలివైంది. డ్యాష్‌బోర్డు అనే మాట గుర్రపు బండ్ల నాటిది. గుర్రం కాళ్లు చిమ్మే బురద మనుషుల మీద పడకుండా ముందు పెట్టిన చెక్కను అలా అనేవాళ్లు. బండి నడిపేవాడికి అడ్డు రాకుండా కాపాడటమే దాని పని. మామ కారులో అది ఇంకా ఆ పనే చేస్తోంది. మన కార్లలో మాత్రం "నన్ను చూడు, నన్ను చూడు" అంటోంది. జేబులో ఫోన్ చేసే పని కూడా అదే కదా.

తిరిగొచ్చాక తీర్పు చెప్పా. డ్యాష్‌బోర్డుకి కోత లేదు. దారి చూపించడానికి ఫోన్ హోల్డర్ ఒకటి, పాటలకు సీటు కింద బ్లూటూత్ స్పీకర్ ఒకటి. రెండూ రేపు తీసేయాలంటే తీసేయొచ్చు. ఒక్కసారి కోసిన రేకు మాత్రం మళ్లీ రాదు.

మీకూ ఒక మాట. కొత్త కారు కొనేటప్పుడు స్క్రీన్ ఎన్ని అంగుళాలని అడగండి, తప్పు లేదు. కానీ షోరూమ్‌లోనే, ఆగి ఉన్న కారులో కూర్చుని, కళ్లు మూసుకుని వైపర్ వెయ్యండి. ఫ్యాన్ పెంచండి. అద్దం మీద ఆవిరి తీసే స్విచ్ వెతకండి. దొరికితే తీసుకోండి. దొరక్కపోతే ఇంకో కారు చూడండి.

బావ తన కారుకి ఇప్పుడు ఒక మార్పు చేశాడు. డోర్ జేబులో మామ ఇచ్చిన తుడిచే గుడ్డ పెట్టుకున్నాడు.