సగం ధరకే ఖడ్గం

నలుగురు వీరులు గుహలోకి వెళ్లారు. రాక్షసుణ్ణి చంపి, మాయాఖడ్గంతో బయటపడ్డారు. ఊళ్లోకొచ్చి దాన్ని దుకాణదారు ముందు పెడితే, అతడు అటూ ఇటూ తిప్పి చూసి ధరలో సగం ఇస్తానన్నాడు. మర్నాడు అదే ఖడ్గం అదే దుకాణంలో పూర్తి ధరకు వేలాడుతుంది. ప్రాణాలకు తెగించింది ఒకరు, లాభం మరొకరికి. ఇదేం న్యాయం?

తగవు ఊహాలోకానిదే అయినా, 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడేవాళ్లకు ఇది పాత పేచీయే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆటలో ఆటగాళ్లు ఒక్కొక్కరూ ఒక పాత్ర ధరిస్తారు. ఒకరు కథ నడుపుతారు. ఫలితం పాచికలు తేలుస్తాయి. తొలి రోజుల్లో నిధి విలువను బట్టే పాత్రకు చాలావరకు అనుభవం లెక్కగట్టేవారు. ఒక బంగారు నాణేనికి ఒక అనుభవ పాయింటు. అంటే ధర డబ్బు మాత్రమే కాదు, పాత్ర ఎదుగుదల కూడా.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ ధరలను పట్టికల్లో పెట్టి, అమ్మితే వచ్చేది సగమేనని తేల్చింది. పిసినారితనంలా కనిపిస్తుంది కానీ, లెక్క వేస్తే మతలబు బయటపడుతుంది. అన్నిటికన్నా చిన్న స్థాయి మాయాఖడ్గం ధర 2,315 నాణేలు. అందులో మంత్రం ఖరీదే 2,000. ఆ మంత్రాన్ని సొంతంగా పట్టించే మాంత్రికుడికి అయ్యే ఖర్చు 1,000 నాణేలు, కాసిన్ని అనుభవ పాయింట్లు, రెండు రోజుల పని. అమ్మితే మంత్రానికి తిరిగొచ్చేదీ 1,000 నాణేలే. దుకాణదారు సగానికి బదులు ముప్పాతిక ఇచ్చాడనుకోండి. మంత్రం మీదే 500 మిగులుతాయి. ఇక గుహలెందుకు, రాక్షసులెందుకు? మాంత్రికుడు ఇంట్లోనే కార్ఖానా పెట్టుకుంటాడు. సాహసగాథ కాస్తా చిట్టాపద్దుల పుస్తకమవుతుంది.

అలాగని ఎంత తగ్గిస్తే అంత మంచిదనుకోవడమూ పొరపాటే. 2008లో నాలుగో ఎడిషన్ మాయావస్తువులకు ఐదో వంతే కట్టింది. ఒక ఖడ్గం కొనాలంటే అదే విలువ చేసేవి ఐదు అమ్మాలి. దొరికింది తనకు పనికిరానిదైతే నిధి దొరికిన ఆనందమే ఆవిరైపోతుంది. 2014 నాటి ఐదో ఎడిషన్ మామూలు సామగ్రికి సగం ధరే ఉంచి, మెలికలు పెట్టింది. రాక్షసులు వాడిన ఆయుధాలు అమ్ముకునే స్థితిలో ఉండటం అరుదు. మాయావస్తువులకైతే కొనేవాణ్ణి వెతకడమే కష్టం. రత్నాలకు, కళాఖండాలకు మాత్రం పూర్తి విలువ.

అసలు సంగతి ఈ తేడాలోనే ఉంది. నగ అమ్మబోయిన ప్రతి ఇంటికీ ఇది అనుభవమే. బంగారానికి ధర కడతారు కానీ, కొన్నప్పుడు మజూరీ, తరుగు కింద పోసిన డబ్బు తిరిగిరాదు. రత్నం ఎవరికైనా రత్నమే. ఖడ్గం అలా కాదు. అది కావలసినవాడు తారసపడేదాకా దుకాణదారు పెట్టుబడి ఇరుక్కుపోతుంది. ఆ నిరీక్షణకు కట్టిన వెలే మిగతా సగం.

మరి కొనేవాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటే? ఆ ప్రయోగమూ జరిగింది. 2012లో విడుదలైన కంప్యూటర్ గేమ్ 'డయాబ్లో 3'లో బ్లిజార్డ్ కంపెనీ వేలంశాల తెరిచింది. ఆటలో దొరికిన ఆయుధాలను నిజమైన డబ్బుకే అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. తీరా చూస్తే, రాక్షసులతో తలపడటం కన్నా వేలంలో బేరాలు వెతుక్కోవడమే సులువైంది. ఆటలోని అసలు సరదాకే ఇది గండి కొడుతోందని ఒప్పుకుని, కంపెనీ 2014 మార్చిలో దాన్ని మూసేసింది.

కాబట్టి సగం ధర అన్యాయమేమీ కాదు. కాకపోతే అది బేరం మొదలయ్యే చోటు, ముగిసే చోటు కాదు. ఆ ఖడ్గాన్ని తన తాత యుద్ధంలో పోగొట్టుకున్నదిగా గుర్తుపట్టే ముసలి సేనాని ఎక్కడో ఉంటాడు. అతడైతే పూర్తి ధర ఇస్తాడు, ఇంకా ఎక్కువే ఇస్తాడు. అతణ్ణి వెతుక్కుంటూ వెళ్లడం మరో సాహసం. కథ నడిపేవాళ్లు ఆ దారి మూసేయకుండా ఉంటే చాలు. తొందరపడేవాడికి సగం, తిరిగి వెతికేవాడికి పూర్తి. ఇంతకు మించిన న్యాయమైన ధర ఏముంటుంది?